ఇంట్లో కుక్కపిల్ల, ఇంట్లో పసిపిల్లలు



గత వానాకాలంలో ఒక సోమవారం ఉదయం ఓ.పి. మొదలు కాకముందే కొల్లేటికోట వైపు నుంచి ఒక మామ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. బాబుకి ఆరేళ్ళు. కుడి చెంప మీద, కంటికి రెండు వేళ్ళ కింద, రెండు పంటి గాట్లు. వాటి మీద పసుపు, ఆముదం కలిపి దట్టంగా పట్టు వేసి ఉంది.

"ఎప్పుడు కరిచింది మామ్మా?" అని అడిగాను.

"కరవలేదు సిస్టరమ్మా. ఆడుకుంటుంటే పన్ను తగిలింది. మా ఇంట్లో పిల్లే. నెలన్నర కూడా లేదు దానికి."

తగిలింది శుక్రవారం సాయంత్రం. దగ్గరి ఊళ్ళో ఒకరికి చూపిస్తే, పాలు తాగే పిల్లకి పిచ్చి ఎక్కడుంటుంది, సూది అక్కర్లేదు అన్నారట. మరి ఆ కుక్కపిల్ల ఇప్పుడెలా ఉందని అడిగాను. మామ్మ కాసేపు మాట్లాడలేదు. "నిన్న చచ్చిపోయింది" అంది. కాలువ గట్టున పారేశారట.

ఆ పిల్ల దేనితో చచ్చిపోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కడుపులో పురుగులు కావచ్చు, రక్త విరేచనాల జబ్బు కావచ్చు, రేబిస్ కూడా కావచ్చు. రేబిస్ అవునో కాదో తేలాలంటే చచ్చిన కుక్క మెదడును ప్రయోగశాలలో పరీక్షించాలి. అది కాలువలో కొట్టుకుపోయింది కాబట్టి రేబిసే అనుకుని వైద్యం చేశాం. మూడో రోజైనా సరే గాయాన్ని సబ్బుతో కడిగాం. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చాం. టీకా మొదలుపెట్టాం. బాబు ఏడ్చి గగ్గోలు పెట్టాడు గానీ మామ్మ ఒక్క డోసు కూడా తప్పకుండా తీసుకొచ్చింది. వాడిప్పుడు రెండో తరగతి చదువుకుంటున్నాడు.

నాలుగు నెలల తర్వాత మామ్మే మళ్ళీ వచ్చింది. "పిల్లలిద్దరూ ఇంకో కుక్కపిల్ల కావాలని ప్రాణం తోడేస్తున్నారు. మా అబ్బాయి చెరువు దగ్గర ఒకదాన్ని చూసి పెట్టాడు. తేవచ్చా, వద్దా? తెస్తే ఎలా పెంచాలి?" అని అడిగింది. వద్దని చెప్పడం నాకు తేలికే. కానీ లంక గ్రామాల్లో కుక్క లేని ఇల్లు ఎన్ని ఉంటాయి? చెరువు గట్ల మీద కాపలాకు కుక్క కావాలి, ఇంటి ముందు రాత్రిపూట అలికిడికి కుక్క కావాలి. అందుకే ఆ రోజు మామ్మకు చెప్పినదే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

తెచ్చే ముందు

మామ్మ ఇంట్లో చిన్న మనవరాలికి అప్పటికి మూడేళ్ళు నిండాయి. అందుకే సరే అన్నాను. ఇంట్లో ఇంకా పాకే బిడ్డ ఉంటే మాత్రం ఒక ఏడాది ఆగమనే చెప్తాను. పాకే బిడ్డ నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. కుక్కపిల్ల నేల మీదే అన్నీ చేస్తుంది. రెండింటినీ ఒకే తల్లి కనిపెట్టుకుని ఉండడం జరిగే పని కాదు.

ఇంకో మాట. "పిల్లలే చూసుకుంటారు" అని తెచ్చిన కుక్కను పిల్లలు పది రోజులు చూసుకుంటారు. పదకొండో రోజు నుంచి అన్నం పెట్టేది కోడలో, మామ్మో. కాబట్టి అడగాల్సింది వాళ్ళని.

పిల్లను ఎప్పుడు తేవాలి అన్నది చాలామంది పట్టించుకోరు. కళ్ళు తెరిచి నాలుగు అడుగులు వేయగానే, నెలకే, తల్లి దగ్గర నుంచి లాక్కొస్తారు. అది తప్పు. ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండనివ్వాలి. తోటి పిల్లలతో ఆడేటప్పుడు గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. తల్లిని గట్టిగా కొరికితే తల్లి లేచి వెళ్ళిపోతుంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పి పుడుతుందో కుక్కపిల్ల నేర్చుకునే బడి అదే. ఆ బడి మాన్పించి తెచ్చిన పిల్ల ఆ పాఠం మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

జాతి కుక్కే కావాలా అని అడుగుతుంటారు. ఒత్తు బొచ్చు కుక్కలకు మన ఎండలు, కొల్లేటి ఉక్క పడవు. చర్మం పుండ్లు పడతాయి, పిడుదులు దాక్కుంటాయి. తల్లి నెమ్మదైనదైతే నాటు పిల్లే మేలు. పిల్లను చూసే ముందు తల్లిని చూడండి. మనుషులు దగ్గరికి వస్తే అది బెదిరిపోతోందా, మీద పడుతోందా, తోక ఊపుతోందా గమనించండి.

మొదటి రోజులు

మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది. కొట్టకండి. ఒక అట్టపెట్టెలో పాత చీర వేసి, మీరు పడుకునే చోటికి దగ్గరగా పెట్టండి. పిల్లల పక్కలోకి మాత్రం రానివ్వకండి.

రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. మూడు నెలలు దాటాక మూడుసార్లు, ఆరు నెలలు దాటాక రెండుసార్లు చాలు. మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన ఉడికించిన చేప. గేదె పాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలు అవుతాయి. చెరువు పట్టుబడి రోజున పారేసే పచ్చి చేపలు, వాటి పేగులు, మాంసం కొట్టు దగ్గర పచ్చి కార్జం ముక్కలు పెట్టకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్ బిళ్ళ మింగించడం కూడా అంతే ప్రమాదం. ఫాల్గుణంలో కొల్లేటికోట జాతర రోజుల్లో ఊరంతా వంటలే, ఎక్కడ చూసినా ఎముకలే. ఆ రోజుల్లో పిల్లను ఇంట్లోనే ఉంచండి. ఉడికిన కోడి ఎముక సూదిలా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. పైగా ఆ జనం, ఆ డప్పులకు బెదిరిన పిల్ల ఎవరినైనా కరవవచ్చు.

దొడ్డికి బయటికి వెళ్ళడం నేర్పడం అనుకున్నంత కష్టం కాదు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట అయ్యాక, మధ్యలో రెండు గంటలకొకసారి ఒకే చోటికి తీసుకెళ్ళండి. అక్కడ పని కానిస్తే వెంటనే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. ఇంట్లో చేసిందని దాని ముక్కును అందులో రాయడం మన పెద్దలు చేసిన పనే. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనిషి కంటపడకుండా మంచం కింద చేయాలని.

ఆ చోటు పిల్లలు ఆడుకునే చోటు కాకూడదు. కారణం ఇప్పుడు చెప్తాను.

పురుగులు, టీకాలు

కుక్కపిల్ల కడుపులో ఏలికపాములు తల్లి కడుపులోనే వచ్చి చేరతాయి. పుట్టిన పిల్లల్లో దాదాపు అన్నిటికీ ఉంటాయనుకోండి. వాటి గుడ్లు మలంతో మట్టిలో పడి, రెండు మూడు వారాల్లో అంటుకునే స్థితికి వస్తాయి. మట్టిలో ఆడిన చేయి నోట్లో పెట్టుకున్న పిల్లవాడి కడుపులోకి వెళ్తే అవి అక్కడ పెద్ద పురుగులు కావు. పిల్ల పురుగులుగానే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతాయి. కొన్నిసార్లు కంటిలోకి వెళ్ళి చూపు తీస్తాయి. కొంకి పురుగులైతే చెప్పులు లేని కాళ్ళ నుంచి తడి నేలలో చర్మంలోకి దూరి, గీతలా పాకుతూ విపరీతమైన దురద పెడతాయి. లంకల్లో నేల ఎప్పుడు తడిగా ఉండదు కనుక?

బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లవాడి పురుగులకు మందు. కుక్క పురుగులకు మందు కుక్కకే వేయాలి. పుట్టిన రెండు వారాల నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకొకసారి, ఆరు నెలల దాకా నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి. మోతాదు తూకాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పశువైద్యుణ్ణి అడగండి. పిల్లలకు వేసే సీసాలోది అంచనాగా పోయకండి. మలాన్ని రోజూ పారతో తీసి గోతిలో పూడ్చండి. అన్నం ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, గోళ్ళు కత్తిరించండి.

టీకాల సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రక్త విరేచనాల జబ్బుకు, డిస్టెంపర్‌కు కలిపి వేసే టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. మన ప్రాంతంలో ఇందులో లెప్టోస్పైరోసిస్ కూడా ఉన్న రకం అడగండి. అది ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు. చెరువు గట్లమీద, వరిచేలల్లో ఎలుకలకు లోటు లేదు. కుక్కకు వస్తే దాని మూత్రం ద్వారా మనుషులకూ రావచ్చు. వర్షాకాలంలో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం, పచ్చకామెర్లు కలిసి వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రండి.

రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే. నెల తర్వాత ఇంకోటి వేయించమని చాలామంది పశువైద్యులు చెప్తారు. ఆపైన ఏటా ఒకటి. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. 1885లో అదే రోజున పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాబుకు మొదటిసారి టీకా ఇచ్చాడు. ఆ బాబు బతికాడు.

మందుల షాపులో టీకా కొని జేబులో వేసుకుని ఇంటికి పోయే అలవాటు కొందరికి ఉంది. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఎండలో మోటారు సైకిల్ మీద వెళ్ళిన టీకా నీళ్ళతో సమానం. అలాగని మన చేపల పెట్టెల్లో లాగా ఐసు ముక్కల మధ్య పాతిపెట్టినా గడ్డకట్టి పాడవుతుంది. కుక్కనే ఆస్పత్రికి తీసుకెళ్ళడం మేలు. మండలంలో పశువైద్యశాల ఉంటుంది. జబ్బు ముదిరితే గన్నవరంలో 1998లో పెట్టిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. ఆరు నెలల వయసులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి కూడా అడగండి. ఆడ పిల్లయితే మరీను. లేకపోతే ఏడాది తిరిగేసరికి గట్టు మీద ఇంకో ఆరు పిల్లలు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి దిగినప్పుడు లంక గ్రామాలకు రాకపోకలు ఎలా ఆగిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి కుక్క టీకాలు వేసవిలోనే పూర్తి చేసుకోండి.

కుక్కకు కాదు, పిల్లలకు పాఠం

కుక్కకు నేర్పడం గురించి అందరూ అడుగుతారు. పిల్లలకు నేర్పడం గురించి ఎవరూ అడగరు. పసిపిల్లలను కరిచేది ఎక్కువగా వీధిలో తిరిగే కొత్త కుక్క అనుకుంటాం. చాలాసార్లు అది సొంత ఇంటిదో, పక్కింటిదో అయి ఉంటుంది. చిన్నవాళ్ళ ఎత్తుకు కుక్క మూతి సరిగ్గా ముఖానికి అందుతుంది. అందుకే వాళ్ళకు గాయాలు చెంప మీద, పెదవి మీద.

మామ్మను అడిగాను, ఆ శుక్రవారం సాయంత్రం ఏం జరిగిందని. కుక్కపిల్ల గిన్నెలో తింటోంది. బాబు వెనకనుంచి వెళ్ళి దాన్ని వాటేసుకుని ముద్దు పెట్టబోయాడు. మనకది ముద్దు. కుక్కకు తన అన్నం మీదికి ఎవరో దూకడం.

కాబట్టి మొదటి నియమం: తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లలు పెట్టి ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళకూడదు. తోక, చెవులు లాగకూడదు, వీపు మీద ఎక్కకూడదు, మెడకు తాడు కట్టి ఈడ్చకూడదు. ముఖంలో ముఖం పెట్టకూడదు. నిమరాలంటే అదే దగ్గరికి రావాలి. తల మీద కాకుండా గదమ కింద, రొమ్ము మీద నిమరాలి.

కుక్క కరిచే ముందు చెప్తుంది, మనకు వినడం రాదు. ఒళ్ళు బిగుసుకోవడం, పెదాలు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, తల తిప్పేసుకుని కంటి కొసనుంచి చూడడం, తోక కాళ్ళ మధ్య దాచడం. ఇవన్నీ "నన్ను వదిలెయ్యి" అనడమే. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. మొరిగే కుక్క కరవదు అన్న సామెతను మాత్రం పిల్లలకు దయచేసి నేర్పకండి. మొరిగి కరిచిన కుక్కల గాట్లు నేను చాలా చూశాను.

పిల్లలకు నేను నేర్పే ఆట ఒకటుంది. కొల్లేటి పిల్లలు కాబట్టి తొందరగా పట్టేస్తారు. దాన్ని కొంగ ఆట అంటాను. నీళ్ళలో చేప కోసం కొంగ ఎలా నిలబడుతుంది? కదలదు, మెదలదు, కిందికే చూస్తుంది. కుక్క మీదికి వస్తే పరుగెత్తకుండా, అరవకుండా, చేతులు ఒంటికి ఆనించి, కాళ్ళ వైపు చూస్తూ కొంగలా నిలబడాలి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. కదలని దాన్ని వాసన చూసి పోతుంది. కింద పడిపోతే తాబేలు అయిపోవాలి. ముడుచుకుని, చెవుల మీద చేతులు పెట్టుకుని, ముఖం దాచుకోవాలి. మామ్మ మనవడు మా వరండాలో ఎంతసేపు కొంగలా నిలబడ్డాడంటే, చివరికి కాంపౌండరు గారు వచ్చి కదిలించాల్సి వచ్చింది.

కుక్కపిల్లకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తాయి. అప్పుడు చెప్పు, చీర, చేయి, ఏది దొరికితే అది కొరుకుతుంది. ఆటలో చేతిని పట్టుకుంటే చేతిని గుంజకండి, గుంజితే ఆట పెరుగుతుంది. ఆట ఆపి, లేచి, ఒక నిమిషం అటు తిరిగి నిలబడండి. కొరకడానికి ముడివేసిన తడి గుడ్డో, లావుపాటి తాడు ముక్కో ఇవ్వండి. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. కోడలు వద్దంటే, మామ్మ నవ్వితే, ఆ పిల్లకు ఏమీ రాదు.

కాపలా కోసం పెంచేవాళ్ళకు ఒక మాట. పగలంతా గొలుసుతో కట్టేసి, కర్రతో రెచ్చగొట్టి పౌరుషం నేర్పుతుంటారు. ఆ పౌరుషానికి దొంగ ఎవరో, మేత బస్తా మీద ఆడుకునే మీ అబ్బాయి ఎవరో తెలియదు. మొదటి మూడు నాలుగు నెలల్లో ఎంతమంది మనుషులను, పిల్లలను, పడవలను, శబ్దాలను భయం లేకుండా చూస్తే అంత నమ్మకమైన కుక్క అవుతుంది. అలాంటిది కూడా అర్ధరాత్రి కొత్తవాడు గట్టెక్కితే మొరుగుతుంది.

ఇంత చెప్పాక కూడా ఐదారేళ్ళ లోపు పిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదలకండి. రెండు నిమిషాలు కూడా. పొయ్యి మీద పాలు పొంగుతుంటే కుక్కనైనా, బిడ్డనైనా వెంట తీసుకెళ్ళండి.

పన్ను తగిలితే

కరిచింది, గీరింది, పన్ను తగిలింది, పుండు మీద నాకింది. మాట ఏదైనా పని ఒకటే. కుళాయి కిందో, చెంబుతో పోస్తూనో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే మనకు రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. తర్వాత అయొడిన్ మందు ఉంటే రాయండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, పసరు ఏదీ పెట్టకండి. కట్టు బిగించకండి. కుట్లు వీలైనంతవరకు వేయరు.

అదే రోజు ఆస్పత్రికి రండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మం పొరలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేస్తారు. చేతికి వేస్తారు, పసివాళ్ళకైతే తొడకు. పిరుదుకు వేయకూడదు. రక్తం వచ్చిన గాయానికి, ముఖం మీది గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. దగ్గరలో లేకపోతే ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని ఇంకా భయపడేవాళ్ళున్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ టీకాను మన దేశంలో 2004లోనే ఆపేశారు.

సొంత కుక్కకు టీకా వేయించాం కదా అని ఆగవద్దు. ముందు మొదలుపెట్టండి. కుక్కను చంపకండి, తరిమేయకండి, కట్టేసి పది రోజులు చూడండి. పదకొండో రోజు కూడా అది ఆరోగ్యంగా తింటూ ఉంటే మిగిలిన డోసుల సంగతి డాక్టరు గారు చెప్తారు. లాలాజలం కారుతున్నా, గొంతు మారినా, వెనక కాళ్ళు పడిపోతున్నా, ఊరికే చచ్చిపోయినా వెంటనే మాకు తెలియజేయండి. వయసు ఎంతైనా సరే. నెల పిల్లకైనా రేబిస్ వస్తుంది.

ఈ జబ్బు లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ముఖం మీద కరిస్తే ఇంకా తొందరగా రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం రేబిస్‌తో చనిపోయే ప్రతి పదిమందిలో నలుగురు 15 ఏళ్ళ లోపు పిల్లలు. పిల్లలు కొడతారని భయపడి గాటు దాచిపెడతారు. "కుక్క ముట్టుకుంటే చెప్పు, నేను ఏమీ అనను" అని ముందే చెప్పి ఉంచండి. కుక్కలున్న ఇళ్ళలో పిల్లలకు ముందుజాగ్రత్తగా కూడా టీకా వేయించవచ్చు. అలా పూర్తిగా వేయించుకున్నవాళ్ళకు తర్వాత కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులే చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు.

పథ్యం గురించి రోజూ అడుగుతారు. మామ్మ కూడా అడిగింది, "బాబుకి చేపలు మానిపించాలా?" అని. కొల్లేటి మధ్య ఉండి నెల రోజులు చేప మానమంటే ఎవరు వింటారు? మానక్కర్లేదు. శీలావతి తిన్నా, కొరమేను తిన్నా టీకా పని టీకా చేస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు.

వరద రోజుల్లో మధ్య డోసు తేదీ దగ్గరపడి దారి మూసుకుపోతే, డోసు పోయిందని మానేయకండి. మీ ఊరి ఆరోగ్య కార్యకర్తకు ముందుగా చెప్పండి. దారి తెరవగానే వచ్చి మిగిలినవి పూర్తి చేయండి. వచ్చేటప్పుడు బాబు చీటీతో పాటు కుక్క టీకా చీటీ కూడా తీసుకురండి. రెండూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి, నీళ్ళు అందని చోట దూలానికి కట్టుకోండి.